ముప్పై, ఇరవై కలిస్తే ఎంత?

మన సోలాపూర్ మిల్లు ఇళ్లల్లో శాతాల లెక్క కొత్తది కాదు. బోనస్ ఎంత శాతం, కరువు భత్యం ఎంత పెరిగింది, పీఎఫ్‌కు ఎంత కోసుకున్నారు అని వింటూనే పెరిగాం. వేలు తెగితే ఎంత శాతమో కూడా మన ముసలోళ్లకు నోటికి వచ్చు. బొటనవేలు మొత్తం పోతే 30. చూపుడు వేలు మొత్తం పోతే 14. మధ్యవేలు 12. ఉంగరపు వేలు గానీ చిటికెన వేలు గానీ పోతే 7. 1923 నాటి నష్టపరిహార చట్టం వెనకాల ఉన్న పట్టికలో ఈ అంకెలన్నీ ఉన్నాయి. ఈఎస్ఐ చట్టం పట్టిక కూడా ఇదే పద్ధతి.

మా నాయన కార్డింగ్ ఖాతాలో చేసేవాడు. ఒకరోజు కుడి చెయ్యి గేర్లలో చిక్కింది. దాన్ని లాగబోయి ఎడమ చెయ్యి కూడా పెట్టాడు. కుడి చేతి చూపుడు వేలు, ఎడమ చేతి మధ్యవేలు పోయాయి. పద్నాలుగు, పన్నెండు, కలిపితే ఇరవై ఆరు. బోర్డు ముందర కూర్చున్న నాయనకు లెక్క ఎవరూ చెప్పాల్సిన పని పడలేదు. ఒకే ప్రమాదంలో రెండు మూడు దెబ్బలు తగిలితే వాటి పరిహారం కూడాలని చట్టంలోనే ఉంది. ఎంత కూడినా మనిషి పూర్తిగా పనికిరాకుండా పోతే ఇచ్చేదానికి మించకూడదు, అంతే. కూడిక వంద దాటితే పూర్తి వైకల్యం కిందనే లెక్క. నాలుగో తరగతి పిల్లవాడు కూడా చెయ్యగలిగిన లెక్క ఇది.

అందుకే మా అన్న ఫౌజు నుంచి తెచ్చిన కాగితం చూసినప్పుడు ఇంటిల్లిపాదికీ అనుమానం వచ్చింది.

అన్న 1995లో భర్తీ అయ్యాడు. మిల్లులు ఒకటొకటిగా మూతపడుతున్న రోజులవి. మా వీధి పోరగాళ్లు కొందరు భివండి పోయి సాంచాల మీద పడ్డారు, కొందరు ఇక్కడే తువ్వాళ్ల కార్ఖానాల్లో చేరారు. అన్నకు ఎత్తూ ఛాతీ ఉన్నాయి, తోపుఖానాలోకి తీసుకున్నారు. 1999లో కార్గిల్ యుద్ధమప్పుడు బోఫోర్స్ తోపుల దగ్గరే ఉన్నాడు. ఆ తర్వాత కూడా ఏండ్ల తరబడి తోపుల పక్కనే కొలువు. చెవి మెల్లమెల్లగా పోయింది. మోకాలు మాత్రం ఒక్కరోజులో పోయింది. కొండ మీద గస్తీకి పోతూ జారి పడ్డాడు. డ్యూటీ మీద తగిలిన దెబ్బ అని అప్పుడే రిపోర్టు రాశారు కాబట్టి దాని మీద గొడవ లేదు. 24 ఏండ్లు నిండాక 2019లో హవల్దారుగా ఇంటికొచ్చాడు.

ఫౌజు నుంచి జబ్బుతో బయటికొచ్చే మనిషికి విడుదలకు ముందు మెడికల్ బోర్డు ఉంటుంది. ఆ బోర్డు నింపే ఫారం పేరు ఏఎఫ్ఎంఎస్ఎఫ్ 16. జబ్బు ఏంటి, ఎప్పుడు మొదలైంది, కొలువు వల్ల వచ్చిందా, కొలువు వల్ల ముదిరిందా, ఎంత శాతం, ఎన్నేండ్లకు అని అందులో వరసగా గళ్లు ఉంటాయి. అన్న కాగితంలో మోకాలికి 30, చెవికి 20 రాశారు. రెండూ కొలువు వల్ల వచ్చినవేనని ఒప్పుకున్నారు. రెండూ జీవితాంతం అని రాశారు. ఆ కింద ఇంకో గడి ఉంది. అన్ని జబ్బులకూ కలిపి ఒకే అంకె వేసే గడి అది, కాంపొజిట్ అసెస్‌మెంట్ అంటారు. దాంట్లో 40 అని ఉంది. ఎందుకు 40 అయిందో ఒక్క ముక్క లేదు.

నేను మిల్లు టైమాఫీసులో గుమాస్తాగా చేసిన మనిషిని. అన్న నా ముందర కాగితం పరిచి అన్నాడు, “తమ్మీ, మోకాలికి ముప్పై రాసిండ్రు. చెవికి ఇరవై రాసిండ్రు. కలిపి నలభై అంటుండ్రు. హాజరు పుస్తకంల నువ్వు గిట్ల కూడితే నీ నౌకరీ ఉండునా?”

ఉండకపోయేది. అయితే ఆ 40 ఎక్కణ్నుంచో ఊడిపడిన అంకె కూడా కాదు. ఆ సంగతి మా మేనల్లుడి వల్ల తెలిసింది. వాడు అమెరికాలో టెక్సస్‌లో సాన్ ఆంటోనియోలో ఉంటాడు. ఆ ఊరినిండా ఫౌజు వాళ్లే. వాడి పక్కింటాయన కూడా వాళ్ల ఫౌజులో చేసి వచ్చినవాడే. ఫోన్లో సంగతంతా విని వాడన్నాడు, “మామా, నలభై కరెక్టే. ఇక్కడ కూడా ముప్పై, ఇరవై అయితే నలభయ్యే వస్తది. పట్టిక పంపుతా చూడు.” పంపాడు కూడా.

ఆ పట్టిక చూస్తే మొదట తల తిరుగుతుంది. కానీ స్పిన్నింగ్ మిల్లులో చేసినవాళ్లకు ఆ లెక్క తొందరగా అర్థమవుతుంది. వంద కిలోల పత్తి బ్లోరూముకు పోయిందనుకోండి. అక్కడ ఐదు శాతం వేస్ట్ పోయింది, 95 కిలోలు మిగిలింది. కార్డింగ్‌లో ఇంకో ఐదు శాతం పోయింది. ఆ ఐదు శాతం వంద కిలోల మీద కాదు, వచ్చిన 95 మీద. అంటే నాలుగు కిలోల ముప్పావు. మొత్తం పోయింది పది కిలోలు కాదు, తొమ్మిది ముప్పావు. ప్రతి ఖాతా తన దగ్గరికి చేరిన సరుకులోంచే పోగొడుతుంది గానీ ముందరే పోయిన దాన్ని మళ్లీ పోగొట్టలేదు.

అమెరికావాళ్లు తమ మాజీ సైనికుల దేహాన్ని సరిగ్గా ఇట్లాగే లెక్కపెడతారు. మనిషి నిండుగా వంద. అన్నిటికన్నా పెద్ద జబ్బును ముందు తీసుకుంటారు. 30 పోతే మిగిలింది 70. తర్వాతి జబ్బు 20 శాతం ఆ 70లో, అంటే 14. మొత్తం 44. దాన్ని దగ్గరి పదికి మారుస్తారు. చివరి అంకె ఐదు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే పైకి, తక్కువైతే కిందికి. 44 కాస్తా 40 అవుతుంది. ఈ మార్చడం మధ్యలో చెయ్యరు, అన్ని జబ్బులూ కలిపాక చివర్లో ఒక్కసారే.

మూడు జబ్బులుంటే తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 50, 30, 20 ఉన్న మనిషిని తీసుకోండి. మనం కూడితే సరిగ్గా 100. వాళ్ల లెక్కలో 50 పోతే 50 మిగిలింది. అందులో 30 శాతం 15, మొత్తం 65. మిగిలిన 35లో 20 శాతం 7, మొత్తం 72. పదికి మారిస్తే 70. వంద అనుకొని పోయిన మనిషి డెబ్బైతో ఇంటికొస్తాడు. పదేసి శాతం జబ్బులు పది ఉన్నా వాళ్ల పట్టికలో 65 దాటదు, మార్చాక 70. మేనల్లుడి పక్కింటాయన ఆ పట్టిక మీద ఇప్పటికీ గుర్రుగానే ఉన్నాడట.

అయితే అందులో ఒక మంచి ముక్క కూడా ఉంది. రెండు కాళ్లకు గానీ రెండు చేతులకు గానీ దెబ్బ ఉంటే, ఆ రెండింటినీ కలిపి వచ్చిన అంకెకు అందులో పదో వంతు అదనంగా చేరుస్తారు. ఒక కాలు కుంటితే రెండో కాలి మీద బరువు వేస్తాం. రెండూ కుంటితే ఎక్కడ వేస్తాం? అందుకని అది. మా అన్నకు చెవికి బదులు రెండో మోకాలికే ఆ 20 ఉండుంటే, 44కు 4.4 కలిపి 48.4, దాన్ని పదికి మారిస్తే 50 అయ్యేది. వాళ్లు కూడా ఆలోచించకుండా చేసిన లెక్క కాదని నాకు అనిపించింది. ఒకే దేహంలో రెండు నష్టాలు ఒకదాని మీద ఒకటి పడతాయన్నది నిజమే.

ఇదంతా పత్తి లెక్కలో చెబితే అన్న చివరిదాకా విన్నాడు. నేను ఎడమ పక్కన కూర్చుంటే గానీ వినబడదు. అంతా విని, “మంచిగనే ఉన్నది తమ్మీ. కని నేను కొలువు చేసింది అమెరికా ఫౌజుల కాదు గద?” అన్నాడు.

మాట అక్కడే ఉంది. శాతం అనేది దేహంలోంచి పుట్టిన అంకె కాదు, నియమంలోంచి పుట్టిన అంకె. ఏ నియమం కింద కూడుతున్నామో తెలుసుకోకుండా తప్పు అనడానికీ లేదు, ఒప్పు అనడానికీ లేదు. మరి మన ఫౌజు నియమం ఏం చెబుతుంది?

మిలిటరీ పింఛన్ల కోసం డాక్టర్లకు ఒక మార్గదర్శక పుస్తకం ఉంది. 2002లో వచ్చింది, 2008లో సవరించారు. మెడికల్ బోర్డులు దాన్ని చూసే శాతాలు వెయ్యాలి. రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ జబ్బులున్నప్పుడు కలిపి అంకె ఎట్లా వెయ్యాలో అందులో సూటిగానే ఉంది. దాని భావం ఇది: ఆ జబ్బులు దేహం చేసే పనుల మీద వేరువేరుగా ప్రభావం చూపిస్తుంటే వాటి శాతాలను మామూలుగా కూడాలి. ఒకే పనిని రెండూ కలిసి దెబ్బ తీస్తుంటే, ఎంతమేరకు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయో అంతమేరకే తగ్గించాలి. ఆ కిందనే ఇంకో మాట ఉంది. వేరువేరు జబ్బుల విషయంలో కూడా కొన్ని బోర్డులు అంకెను తగ్గిస్తున్నాయనీ, అది సరైంది కాదనీ పుస్తకమే చెబుతుంది. ఆ మాట చదివాక నేను కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చదివాను.

ఒకే కాలికి మోకాలూ చీలమండా రెండూ దెబ్బతిన్నాయనుకోండి. నడక అనే ఒకే పనిని రెండూ చెడగొడుతున్నాయి. మోకాలి వల్ల మెట్లెక్కలేనివాడు చీలమండ వల్ల కూడా అవే మెట్లు ఎక్కలేడు. అక్కడ కొంత తగ్గిస్తే న్యాయమే. మరి మోకాలికీ చెవికీ ఏం సంబంధం? మోకాలు బాగైతే అన్నకు పిలుపు వినబడుతుందా? చెవి బాగైతే మా వాచనాలయం మెట్లెక్కుతాడా? చెవి నష్టం చెవిది, మోకాలి నష్టం మోకాలిది. ముప్పై, ఇరవై కూడితే యాభై. మన నియమం ప్రకారం అంతే.

అమెరికాలో వేరువేరు అవయవాలైనా మిగిలినదాంట్లోంచే తీస్తారు. మన ఫౌజులో పనులు వేరైతే కూడుతారు. రెండు దేశాలూ రెండు దారులు పట్టాయి. ఆ 40 వేసిన డాక్టర్లు ఏ లెక్క వేశారో నాకు తెలియదు, కాగితంలో రాయలేదు. అంచనాకు వేశారో, ఇంకేదైనా సూత్రం మనసులో పెట్టుకొని వేశారో వాళ్లకే తెలియాలి. మేనల్లుడి పట్టికతో కలిసింది కాబట్టి ఒప్పుకొని ఊరుకుందామంటే మాత్రం మా వదినె ఒప్పుకోలేదు.

“పది శాతం కోసం ఇంత లొల్లి ఎందుకు?” అని మా బంధువుల్లోనే ఒకరన్నారు. పదే కదా అనిపిస్తుంది. డబ్బు లెక్క వేసి చూడండి. వైకల్య పింఛనులో నూరు శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం ఇస్తారు. సులువుగా ఉండడానికి ఆఖరి జీతం 40,000 అనుకుందాం. నూరు శాతానికి 12,000. నలభై శాతానికి 4,800. యాభై శాతానికి 6,000. దీని మీద కరువు భత్యం వేరే. ఇక్కడిదాకా తేడా నెలకు 1,200.

అసలు తేడా దీని తర్వాత వస్తుంది. ఐదో వేతన సంఘం సిఫారసు మీద 1996 జనవరి 1 నుంచి ఒక పద్ధతి పెట్టారు. దాని గురించి రక్షణ శాఖ 2001 జనవరి 31న లేఖ ఇచ్చింది. మెడికల్ బోర్డులు ఒక్కోచోట ఒక్కో తీరుగా అంకెలు వేస్తాయి, ఆ హెచ్చుతగ్గుల వల్ల సిపాయి నష్టపోకూడదని ఉద్దేశం. 50 కన్నా తక్కువ ఉంటే 50గా లెక్కపెట్టాలి. 50 నుంచి 75 మధ్య ఉంటే 75గా. 76 నుంచి పైన ఉంటే 100గా. ఇప్పుడు మళ్లీ చూడండి. 20 వచ్చినవాడికీ, 30 వచ్చినవాడికీ, 40 వచ్చినవాడికీ, ఆఖరికి 49 వచ్చినవాడికీ యాభయ్యే. 50 వచ్చినవాడికి మాత్రం 75. బోర్డు గడిలో 40 అని ఉంటే ఆ లెక్కన 6,000. అదే గడిలో 50 అని ఉంటే 9,000. నెలకు మూడు వేలు. మూడు వేలు రావాలంటే ఎన్ని బీడీలు చుట్టాలో మా వదినెకు తెలుసు. ఆమె ఒప్పుకోకపోవడానికి కారణం అదే.

ఈ పైకి మార్చే పద్ధతి జబ్బు వల్ల మధ్యలోనే ఇంటికి పంపిన సిపాయిలకు మాత్రమేనని ప్రభుత్వం చాలా ఏండ్లు పట్టుబట్టింది. కొలువు పూర్తిచేసుకొని వచ్చినవాళ్లకు ఇవ్వలేదు. 2014 డిసెంబర్ 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు ఆ తేడా చూపించడాన్ని ఒప్పుకోలేదు. పూర్తి కొలువు చేసి రిటైరైనవాడికి కూడా, వైకల్యం కొలువు వల్ల వచ్చిందైతే గానీ కొలువు వల్ల ముదిరిందైతే గానీ, పైకి మార్చిన శాతం ఇవ్వాలంది. జబ్బు విషయంలో ఇంకో తీర్పు కూడా మనవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో, భర్తీ అయినప్పుడు కాగితంలో రాయని జబ్బు తర్వాత బయటపడితే అది కొలువు వల్ల వచ్చిందనే ముందుగా అనుకోవాలని, కాదనేవాళ్లే కారణాలు చూపించాలని అదే కోర్టు చెప్పింది. మా అన్నకు దాని అవసరం పడలేదు గానీ బీపీ, షుగర్‌లతో వచ్చినవాళ్లకు పడుతుంది. కొలువు పూర్తిచేసి వచ్చినవాళ్లకు శాతం 20 కన్నా తక్కువైతే అసలు వైకల్య పింఛనే రాదు కాబట్టి, కలిపి వేసే అంకె అక్కడ కూడా బతుకు సంగతే.

మేము మొదటి అప్పీలు రాశాం. నేనే రాశాను, హిందీలో, రెండు పేజీలు. కోపం మాటలు ఒక్కటీ పెట్టలేదు. మోకాలి అంకె పెంచమని అడగలేదు, చెవి అంకె పెంచమనీ అడగలేదు. బోర్డు వేసిన రెండు అంకెలనూ ఒప్పుకుంటున్నామని మొదటి వాక్యంలోనే రాశాం. ఆ రెండింటినీ కలిపిన తీరు మాత్రం ఫలానా పుస్తకంలోని ఫలానా నియమానికి సరిపోవడం లేదు, ఈ రెండు జబ్బులు ఏ పనిలో ఒకదాని మీద ఒకటి పడుతున్నాయో దయచేసి చెప్పండి అని రాశాం. జవాబు చెప్పాలంటే లెక్క విప్పి చూపించాల్సిందే, తప్పించుకునే సందు లేదు. మిల్లులో యూనియన్ ముసలి సెక్రటరీ మాకు నేర్పిన పద్ధతి ఇది. వంద అడిగేవాడికి సాకు చెప్పడం సులువు, ఒకటే అడిగేవాడికి కష్టం అనేవాడు.

జవాబు రావడానికి ఏడాది దాటింది. ఈలోగా అన్నకు మోకాలి నొప్పి ముదిరి, కింద కూర్చొని భోంచేయడం మానేశాడు. మా ఇంట్లో పండుగలకు పీటలు వేసుకొని కూర్చుంటాం. అన్న ఒక్కడే కుర్చీలో కూర్చొని, పైనుంచి అందరి విస్తర్లూ చూస్తూ తింటాడు. మాటలు సగం వినబడవు కాబట్టి నవ్వాల్సిన చోట ఒక క్షణం ఆలస్యంగా నవ్వుతాడు. రెండు నష్టాలు ఒకదాని మీద ఒకటి పడవని కాగితంలో నేను రాసింది నిజమే. కానీ ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని చూస్తే, రెండూ కలిసి కూడికను దాటి ఇంకేదో తీసుకుపోయాయని కూడా అనిపిస్తుంది. దానికి ఏ దేశం పట్టికలోనూ గడి లేదు.

చివరికి జవాబు వచ్చింది. అప్పీలులో చూసిన డాక్టర్లు కలిపిన అంకెను 50గా సవరించారు. పింఛను కాగితం కొత్తగా వచ్చింది. కానీ 50కి యాభయ్యే ఇచ్చారు, 75కు మార్చలేదు. కొలువు పూర్తిచేసి వచ్చినవాడివి కాబట్టి నీకు వర్తించదన్నారు. సుప్రీంకోర్టు తీర్పు వచ్చి ఏండ్లు గడిచినా ఒక్కో మనిషి విడిగా పోయి అడిగితే గానీ చేతికి రాకపోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. ఇప్పుడు ఆ ఒక్క ముక్క మీద ముంబైలో సాయుధ దళాల ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేశాం. మహారాష్ట్రలో ఉన్న మనవాళ్లకు ఆ బెంచే. ఆలస్యం చేస్తే ఒక నష్టం ఉంది. నెలనెలా అందాల్సిన పింఛను కాబట్టి హక్కు పోదు గానీ, మామూలుగా దరఖాస్తు వేసిన తేదీకి ముందు మూడేండ్ల బకాయి మాత్రమే ఇస్తారు. తర్సేమ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పిన లెక్క అది. పదేండ్లు ఊరుకున్నవాడికి ఏడేండ్ల సొమ్ము అంతే సంగతి.

ఇంకో లెక్క గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లల్లో దీంతో గందరగోళం పడుతున్నారు. సివిల్ ఆసుపత్రిలో ఇచ్చే వికలాంగుల సర్టిఫికెట్ వేరు, ఫౌజు బోర్డు కాగితం వేరు, ఈఎస్ఐ బోర్డు కాగితం వేరు. సర్టిఫికెట్‌లో చేతులకూ కాళ్లకూ కలిపి వేసే సూత్రం అమెరికా లెక్కకు చుట్టమే, కాకపోతే వందకు బదులు తొంభై వాడతారు. పెద్ద అంకెను తొంభైలోంచి తీసెయ్యాలి. మిగిలినదాన్ని చిన్న అంకెతో గుణించి, తొంభైతో భాగించాలి. వచ్చినదాన్ని పెద్ద అంకెకు కలపాలి. 30, 20 అయితే, తొంభైలోంచి ముప్పై తీస్తే అరవై, అరవై ఇరవైలు పన్నెండు వందలు, తొంభైతో భాగిస్తే 13 చిల్లర, మొత్తం 43 చిల్లర. 2016 చట్టం కింద చాలా సౌకర్యాలకు 40 శాతం ఉండాలి కాబట్టి అక్కడ ఆ 43 కూడా పనికొస్తుంది.

చూశారా, అవే ముప్పై, ఇరవై. మిల్లు ప్రమాదంలో అయితే 50. ఫౌజులో వేరువేరు జబ్బులైతే 50, దాన్ని మార్చితే 75. సర్టిఫికెట్ సూత్రంలో 43 చిల్లర. అమెరికాలో 44, దాన్ని మార్చితే 40. ఒక ఆఫీసు కాగితం తీసుకుపోయి ఇంకో ఆఫీసులో, అక్కడ ఇంత ఇచ్చారు మీరెందుకు ఇవ్వరు అని కొట్లాడితే పని కాదు. పోయినేడు మా వీధిలో ఒకాయన సర్టిఫికెట్ పట్టుకొని ఫౌజు పింఛను పెంచమని రెండుసార్లు తిరిగి వచ్చాడు. చార్జీలు దండగ.

2023 సెప్టెంబర్ 21 తర్వాత రిటైరైన సిపాయిలకు కొత్త అర్హతా నియమాలు వచ్చాయి. పేర్లు మారాయి, కొన్ని పద్ధతులూ మారాయి. నేను పైన రాసింది అంతకుముందు వచ్చినవాళ్ల సంగతి. కొత్తగా వచ్చినవాళ్లు తమ కాగితం ఏ నియమం కింద తయారైందో ముందు చూసుకోవాలి. మన పిల్లలు అగ్నివీరులుగా పోతున్నవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల లెక్క మళ్లీ వేరే. దాని గురించి ఇంకోసారి రాస్తాను.

మన ఇళ్లల్లో ఫౌజు నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఆ ఫారం 16 తీసి చూడండి. ఒక్కో జబ్బుకు ఎదురుగా ఎంత శాతం ఉందో, కింద కలిపి ఎంత వేశారో రెండూ పక్కపక్కన రాసుకోండి. తక్కువ ఉంటే ఎందుకు తక్కువైందో రాశారా లేదా చూడండి. కాగితం లేకపోతే రికార్డ్ ఆఫీసుకు రాసి అడిగితే కాపీ ఇస్తారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కూడా దరఖాస్తు రాయడానికి సాయం చేస్తారు. నేను ఆదివారాలు పొద్దున పది నుంచి పన్నెండు దాకా వాచనాలయంలో కింద గదిలోనే ఉంటాను. డిశ్చార్జ్ పుస్తకం, పింఛను ఆర్డరు, ఫారం 16 కాపీ, మూడూ వెంట తెచ్చుకోండి. అసలు కాగితాలు తేవద్దు, జిరాక్స్ చాలు.